నేల మీద నుంచి లేవడం

మా మారికుప్పం భజన మందిరంలో ప్లాస్టిక్ కుర్చీలు పెరుగుతున్నాయి. మొదట్లో గోడవారన రెండో మూడో ఉండేవి, అవీ మోకాలి ఆపరేషన్ అయినవాళ్ల కోసం. ఇప్పుడు చాప మీద కూర్చునేవాళ్లే తక్కువ. ఇది మా గుంపుకు మాత్రమే వచ్చిన తిప్పలు కాదు. చర్చిలో మోకాళ్లూనే వేళకు సగం మంది బెంచీ అంచుకు జరిగి తల వంచుకుంటారు. మసీదులో వెనక వరుసంతా కుర్చీలే అని పక్కింటి భాయి చెబుతాడు. బంగారం తవ్వి తీసిన ఊరు మూడు మతాల్లోనూ ఒక్కసారే ముసలిదైంది.

దీని మీద దేవుడికి ఫిర్యాదు ఉన్నట్టు ఎక్కడా లేదు. నిలబడలేనివాడు కూర్చుని, కూర్చోలేనివాడు పడుకుని నమాజు చేసుకోవచ్చని ఇస్లాం ఎప్పుడో దారి చూపింది. మంచం పట్టినవాళ్ల ఇంటికి ప్రసాదాన్ని మోసుకెళ్లే ఆచారం క్రైస్తవుల్లో ఉంది. మనకైతే మానసపూజ ఉండనే ఉంది. పువ్వూ అక్కర్లేదు, పత్రీ అక్కర్లేదు, కూర్చునే తీరుతో పనే లేదు. ఇన్ని వైపుల నుంచి అనుమతి ఉండగా, నేల మీద కూర్చుని చెయ్యి ఊనకుండా లేవాలని డెబ్బయ్యో ఏటి దగ్గర పట్టుబట్టడం భక్తి అవుతుందా, దేహాభిమానం అవుతుందా? మా గుంపులో మృదంగం వాయించే మామ అడిగిన ప్రశ్న ఇదే, ఇంత మర్యాదగా కాదు గానీ. నేను ఇంటి వెనక ఇసుక సంచి ఎత్తి దించుతుంటే చూసి, "కట్టెల్లో కాలిపోయేదానికి కండలెందుకప్పా?" అన్నాడు.

కొట్టిపారేసే మాట కాదది. మేము పాడేదే ఆ మాట. కోలారు సీమలో తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టినవాడికి కైవారం తాతయ్య తత్వాలు ఉగ్గుపాలతో వస్తాయి. గాజులమ్మి బతికి, తెలుగులోనూ కన్నడంలోనూ పదాలు కట్టి, యోగి నారేయణగా పేరుపడ్డ మనిషి. 110 ఏళ్లు బతికాడని సంప్రదాయం చెబుతుంది. అంత ఆయుష్షున్న ఒళ్లు ఆయనకెలా ఉండిందో ఎవరూ రాసిపెట్టలేదు. రాసిపెట్టి ఉంటే ఇవాళ నాకు బాగా పనికొచ్చేది. తత్వాల సంప్రదాయం మొత్తంలోనే ఒంటికి మర్యాద తక్కువ. అది నిలవనిది, కుళ్లేది, నమ్మరానిది అని రాత్రంతా తాళం వేసి పాడి, తెల్లారి లేచి దానికే సేవ చేస్తే మామకు రెండు నాలుకల వ్యవహారంగా కనిపించడంలో వింతేముంది?

నేను జవాబు చెప్పాలంటే గని నుంచి మొదలుపెట్టాలి. మా నాయన పలమనేరు వైపు నుంచి పనికి వచ్చినవాడు. నేను భారత్ గోల్డ్ మైన్స్ (బీజీఎంఎల్) కాలంలో ఛాంపియన్ రీఫ్ గనిలో ట్రామరుగా చేరాను. రాయి నింపిన టబ్బును పట్టాల మీద తోసుకుంటూ షాఫ్టు దాకా తెచ్చేవాడు ట్రామరు. ఆ గని లోతు మూడు కిలోమీటర్లకు పైనే. అడుగు దాకా ఒకే కేజ్‌లో పోయేది కాదు. ఒక షాఫ్టులో దిగి, లోపల నడిచి, మరో షాఫ్టులో మళ్లీ దిగాలి. ఎంత దిగితే అంత ఉక్క. రాతికి చెయ్యి ఆనిస్తే వెనక్కి లాక్కునేంత వేడి. పైనుంచి చల్లగాలి పంపేవాళ్లు, అది మా దాకా వచ్చేసరికి దాని చల్లదనం సగం దారిలోనే ఖర్చయ్యేది. ఎప్పుడైనా ఎక్కడో రాయి తనంతట తాను పగిలిందంటే కార్మికుల లైన్లలో ఇళ్లు కూడా అదిరేవి. రాక్ బరస్ట్ అనే మాట మా ఇళ్లలో రెండేళ్ల పిల్లలకూ తెలుసు.

అప్పుడు నా భుజాలు చూసి ఊరికి పోయినప్పుడు చుట్టాలు మెచ్చుకునేవాళ్లు. కానీ ఆ కండ ఎవరిది? టబ్బుకు ఏ వైపు భుజం ఆనించానో ఆ వైపే పెరిగింది. నడుం దగ్గర మాత్రం ప్రతి ఏడూ కొంచెం కొంచెం తరిగింది. మోకాళ్లు తడిలో నాని నాని బిగుసుకున్నాయి. ఊపిరితిత్తుల్లోకి రాతిదుమ్ము పోతూనే ఉంది. కష్టం వేరు, వ్యాయామం వేరు అని తెలియడానికి నాకు గని మూతపడేదాకా పట్టింది. కష్టం ఒంటి నుంచి తీసుకుంటుంది, ఎంత తీసుకోవాలో పని నిర్ణయిస్తుంది. వ్యాయామంలో ఎంత చాలో ఒళ్లు నిర్ణయిస్తుంది, ఆ తర్వాత తినడానికీ పడుకోవడానికీ వ్యవధి ఉంటుంది. రోజంతా మట్టి మోసే కూలితల్లికి ఇక ఎక్సర్‌సైజు ఎందుకు అని నవ్వేవాళ్లు ఆమె నడుం నొప్పి గురించి ఎప్పుడూ అడిగి ఉండరు.

ఇంకొక మాట, కొంచెం చేదుగా ఉన్నా చెప్పాలి. ఆ లోతుకు దిగినవాళ్లలో ఎక్కువమంది ఉత్తరార్కాడు, సేలం, చిత్తూరు వైపుల నుంచి వచ్చిన దళితులు. శరీరం మురికి అని మొట్టమొదట చెప్పినవాళ్ల ఇళ్లలో ఆ మురికి ఎత్తడానికి వేరే మనుషులు ఉండేవాళ్లు. ఇతరుల కండ మీద నిలబడి తన కండను చులకన చెయ్యడం తేలిక. మా కైవారం తాతయ్యలాంటి గాజులమ్మినవాడు అదే మాట అంటే దాని రుచి వేరు. ఆయన ఊరూరా నడిచి అన్నాడు.

2001 ఫిబ్రవరి చివర గనులు మూతపడ్డాయి. ఆ తర్వాత మారికుప్పం అంటే రైలెక్కే ఊరు. బంగారపేట నుంచి వచ్చే లైను మా దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, తెల్లవారుజామున సీటు దొరికే అదృష్టం మాది. బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ పని దొరికింది. రైల్లో కూర్చోవడం, గేటు దగ్గర కూర్చోవడం, మళ్లీ రైల్లో కూర్చోవడం. జీవితంలో మొదటిసారి ఒంటికి విశ్రాంతి వచ్చిందని నా ఇల్లాలు సంతోషపడింది. ఆ విశ్రాంతి నా తొడల్ని తినేసింది. ప్యాంటు వదులై నడుం దగ్గర మాత్రం బిగుతైంది. ఒకరోజు మందిరంలో హారతికి అందరూ లేచారు, నేను లేవలేక పక్కవాడి భుజం పట్టుకున్నాను. పక్కవాడు మరొకరి భుజం పట్టుకుని ఉన్నాడు.

కండ ఎలా పోతుందో తెలిశాక భయం తగ్గింది, సిగ్గు పెరిగింది. ముప్ఫై దాటాక పదేళ్లకు మూడు నుంచి ఎనిమిది శాతం దాకా కండ తరుగుతుందనీ, అరవై దాటితే ఆ వేగం ఇంకా పెరుగుతుందనీ లెక్కలున్నాయి. సార్కోపీనియా అని దానికి పేరు. ముందుగా సన్నబడేవి వేగంగా పనిచేసే పోగులు. కాలు జారినప్పుడు రెప్పపాటులో ఇంకో కాలు ముందుకు వేసి నిలదొక్కుకునే పని వాటిదే. అందుకే ముసలివాళ్లు నడవగలిగి కూడా పడిపోతారు. తిన్న తిండిలోని చక్కెరను ఎక్కువగా పీల్చుకునేదీ కండే కాబట్టి, అది తరిగితే షుగరు కూడా చేతికి చిక్కదు.

1990లో అచ్చయిన ఒక పరిశోధన సంగతి విన్నప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. అమెరికాలో బోస్టన్ నగరంలోని ఒక వృద్ధుల నివాసంలో మరియా ఫియాటరోన్ అనే డాక్టరు, 86 నుంచి 96 ఏళ్ల మధ్య ఉన్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లకు బరువులు ఎత్తించారు. పూర్తి చేసినవాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. తొంభై ఏళ్ల కండ కూడా పిలిస్తే పలుకుతుందన్నమాట. అయితే ఆ కథకు రెండో సగం ఉంది, దాన్ని చెప్పేవాళ్లు తక్కువ. వ్యాయామం ఆపేసిన నాలుగు వారాల్లోనే వాళ్ల గరిష్ఠ బలంలో దాదాపు మూడోవంతు జారిపోయింది. అనిత్యం గురించి ఇంత ఖచ్చితమైన ఉపన్యాసం నేను ఏ స్వాములవారి దగ్గరా వినలేదు. దాచుకునే వీలు లేని ధనం ఇది. వడ్డీకి ఇవ్వలేం, కొడుక్కి రాయలేం. ఏ రోజుది ఆ రోజే సంపాదించుకోవాలి. దేహాభిమానం పెరగాలంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, ఇక్కడ పట్టుకున్నది వేళ్ల సందుల్లోంచి పోతూనే ఉంటుంది.

శాస్త్రం ఒప్పుకున్నంత మాత్రాన మామ ఒప్పుకోడు. ఆయనకు గ్రంథం కావాలి. గ్రంథాలు చూస్తే రెండు వైపులా మాట్లాడతాయి. బలహీనుడికి ఆత్మ దొరకదని ముండకోపనిషత్తు అంటుంది. వెంటనే మనం డంబెల్ ఎత్తేయకుండా శంకరులు భాష్యంలో అడ్డుపడతారు, అక్కడ చెప్పింది ఆత్మనిష్ఠ వల్ల వచ్చే బలమని. 1897లో మద్రాసులో వివేకానందుడు కుర్రవాళ్లతో, గీత చదవడం కంటే ఫుట్‌బాల్ ఆడితే స్వర్గానికి దగ్గరవుతారన్నట్టు చెప్పి చాలామందిని ఉలిక్కిపడేలా చేశాడు. ఆయన మాట ఇరవై ఏళ్ల వాళ్లకు. నా వయసు వాళ్లకు ఏం చెప్పేవాడో! ఆయన నలభై నిండకుండానే వెళ్లిపోయాడు.

పతంజలి ఇంకా తమాషా. యోగసూత్రాల రెండో పాదంలో, శౌచం కుదిరినవాడికి తన ఒంటి మీదే ఏవగింపు కలుగుతుందంటాడు. మూడో పాదానికి వచ్చేసరికి శరీర సంపద అంటే రూపమూ లావణ్యమూ బలమూ వజ్రంలాంటి గట్టిదనమూ అంటూ వరసపెట్టి లెక్కపెడతాడు. ఒకే మనిషి, ఒకే చిన్న పుస్తకం. పండితులు ఈ రెండింటికీ పొత్తు కుదురుస్తారు, అది వాళ్ల పని. నాకు మాత్రం ఈ రెండు సూత్రాలూ రెండు పాదాల మీద నడిచినట్టు అనిపిస్తాయి. ఒకదాని మీదే బరువు వేస్తే కుంటాలి.

ఈ రెండో పాదమూ మూడో పాదమూ మా జిల్లాలోనే మనుషులై పుట్టాయంటే మామ మొదట నవ్వాడు. ములబాగలు తాలూకా దేవరాయసముద్రంలో పుట్టిన కె.వి.అయ్యర్ బెంగళూరులో హెర్క్యులీస్ జిమ్నాసియం పెట్టి, బరువులూ హఠయోగమూ సూర్యనమస్కారాలూ కలిపి ఒక పద్ధతి కట్టాడు. 'మజిల్ కల్ట్' అని పుస్తకం రాశాడు. అదే చేత్తో కన్నడంలో 'శాంతల', 'రూపదర్శి' అనే నవలలూ రాశాడు. కండలున్నవాడికి బుర్ర ఉండదనుకునేవాళ్లు ఆ నవలలు చూడాలి. కోలారు నుంచి బెంగళూరు వెళ్లే దారిలో నరసాపురం దగ్గరి బెల్లూరులో 1918 డిసెంబరు 14న బి.కె.ఎస్.అయ్యంగార్ పుట్టాడు. ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ఊళ్లను ఊడ్చేస్తున్న ఏడాది అది. ఆ తర్వాత మలేరియా, టైఫాయిడ్, క్షయ ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన పిల్లవాడు. పదిహేనేళ్లకు మైసూరులో బావ కృష్ణమాచార్యుల దగ్గర చేరాడు. ఆ రోజుల్లో జగన్మోహన ప్రాసాదంలో కృష్ణమాచార్యుల యోగశాల ఒక పక్కనుంటే, మరో పక్క అయ్యర్ శిష్యుడు కండల శిక్షణ ఇచ్చేవాడు. బలాన్ని బయటికి చూపించే విద్యా, లోపలికి తిప్పే విద్యా ఒకే కప్పు కింద చెమటోడ్చాయి.

పుట్టుకతోనే రోగిష్టి అయిన ఆ పిల్లవాడు 2014లో పోయేనాటికి తొంభై అయిదేళ్లు. తొంభైలు వచ్చాక కూడా ఆసనాలు మానలేదు. నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చేది అది కాదు. గోడ, తాడు, చెక్క ఇటుక, మడత కుర్చీ, వీటినన్నిటినీ యోగంలోకి తెచ్చాడు. ఒంగలేనివాడిని తిట్టకుండా ఒంగడానికి ఒక మెట్టు వేశాడు. కుర్చీని తిడుతూ మొదలుపెట్టిన నాలాంటివాడి నోరు మూయించిన పని అది. కుర్చీ మీద కూలబడితే ఓటమి. కుర్చీ అంచు మీద కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, లేచి, మళ్లీ నెమ్మదిగా కూర్చుంటే అదే సాధన. బెల్లూరులో ఆయన పతంజలికి గుడి కట్టించాడు. బడి, ఆసుపత్రి కూడా ఉన్నాయి. నేను వెళ్లినప్పుడు పూజారి కంటే ఆసుపత్రి ముందు వరసలో కూర్చున్న ముసలమ్మలే నాకు ఎక్కువ పాఠం చెప్పారు. పేరు పిలిచినప్పుడు ప్రతి ఒక్కరూ ముందు చెయ్యి ఎక్కడ ఆనించాలా అని వెతుక్కున్నారు.

కానీ మామ ప్రశ్నకు సరైన జవాబు నాకు యోగుల దగ్గర దొరకలేదు. మా ఊళ్లోనే పాతబడిన మరో దారిలో దొరికింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మారికుప్పంలో బౌద్ధం ఉండేదని ఇప్పటి పిల్లలకు తెలియదు. అయోతీదాస పండితులు 1898లో మద్రాసులో మొదలుపెట్టిన శాక్య బౌద్ధ సంఘానికి ఇక్కడ శాఖ ఉండేది. గనిలోంచి పైకి వచ్చిన కార్మికులు సాయంత్రాలు కూర్చుని ధర్మం మాట్లాడుకునేవాళ్లు. ఒళ్లంతా రాతిదుమ్ము ఉన్నవాళ్లకు ఆ బుద్ధుడు ఎందుకు నచ్చాడో నేను ఊహించగలను. కులం లేదన్నాడు కాబట్టి, అది పెద్ద కారణం. ఇంకోటి కూడా ఉందేమో. ఆకలి అంటే ఏమిటో ఒళ్లు కాల్చుకుని తెలుసుకున్న గురువు ఆయన.

ఆ కథ అందరికీ తెలిసిందే, కానీ కండ సంగతి మనసులో పెట్టుకుని మళ్లీ చదవాలి. సిద్ధార్థుడు ఏళ్ల తరబడి కడుపు మాడ్చుకున్నాడు. పొట్ట మీద చెయ్యి వేస్తే వెన్నెముక తగిలేదట. కాలకృత్యాలకు లేచి అక్కడే బోర్లా పడిపోయేవాడట. అప్పుడు ఆయనకు చిన్నప్పటి ఒక సంగతి గుర్తొచ్చింది. నేరేడు చెట్టు నీడలో కూర్చుని ఏ ప్రయత్నమూ లేకుండా ధ్యానంలో మునిగిన రోజు. ఇంత శుష్కించిన ఒంటితో ఆ సుఖం దొరకదు అనుకున్నాడు. అన్నం తిన్నాడు. అది చూసి, వెంట ఉన్న అయిదుగురూ భోగానికి లొంగిపోయాడని ఛీ కొట్టి వెళ్లిపోయారు. మా మామ ఆ కాలంలో ఉంటే ఆ అయిదుగురితో కలిసి ఆరోవాడుగా నడిచేవాడు. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను.

ఇందులో నాకు అర్థమైంది ఇది. నేను దేహం కాదు అనే భావన నిలవాలంటే దేహం కొంచెంసేపు నోరు మూసుకోవాలి. బలంగా ఉన్న మోకాలు మోకాలిలాగా గుర్తుకు రాదు. నొప్పి పెట్టే మోకాలు భజనలో కూడా మొదటి వరసలో కూర్చుంటుంది. మా ఈడువాళ్లు నలుగురు కలిస్తే మాట్లాడేది బ్రహ్మం గురించి కాదు. మలబద్ధకం, నడుం, రాత్రి ఎన్నిసార్లు లేచాం, మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ముందు వెయ్యాలి, ఇవే. బలహీనుడే ఇరవైనాలుగు గంటలూ దేహాత్మవాది. ఒంటిని పట్టించుకోకపోతే ఒంటి మీద మమకారం పోతుందనుకోవడం పొరపాటు లెక్క. పట్టించుకోని ఒళ్లు మనసంతా ఆక్రమిస్తుంది. కాబట్టి నేను ఇసుక సంచి ఎత్తేది ఒంటిని గుర్తుపెట్టుకోవడానికి కాదు, పొద్దున అరగంట గుర్తుపెట్టుకుని మిగతా రోజంతా మరిచిపోవడానికి.

మామ వెంటనే ఒప్పుకోలేదు. "ఓర్చుకునేదే తపస్సు కదప్పా. నొప్పిని మించినవాడే జ్ఞాని" అన్నాడు. నిజమే. మించినవాళ్లు ఉన్నారు. రమణ మహర్షి చేతి మీద పుండు నొప్పిని ఓర్చుకున్న సంగతి మా వైపు అందరికీ తెలుసు, తిరువణ్ణామలై మాకు దూరం కాదు. కానీ మహర్షికి సాధ్యమైంది నాకు నియమం ఎలా అవుతుంది? పైగా నేను ఓర్చుకుంటే సరిపోదు. నన్ను ఎత్తి కూర్చోబెట్టేవాళ్లు కూడా ఓర్చుకోవాలి.

తత్వాల్లో ఎక్కడా కనిపించని మనిషి ఒకామె ఉంది. ముసలాయనను బాత్రూముకు నడిపించే కోడలు. కూతురు, భార్య, కూలికి పెట్టుకున్న పిల్ల, ఎవరైనా కావచ్చు, దాదాపు ఎప్పుడూ ఆడమనిషే. మంచం మీద పడుకుని దేహం మిథ్య అనుకునే పెద్దమనిషి బరువు అరవై కిలోలు. ఆ మిథ్యను రోజుకు నాలుగుసార్లు ఎత్తేది ఆమె నడుం. గుడి మెట్ల మీద కాసేపు కూర్చుని, కష్టపడకుండా చావు రావాలనీ ఒకరి చేతికింద బతుకు వద్దనీ కోరుకునే ఆచారం మన పెద్దల్లో ఉంది. నేనూ కోరుకుంటాను. చావు సంగతి దేవుడి చేతిలోనే వదిలేస్తాను, అందులో నేను చేసేది లేదు. రెండో కోరికలో మాత్రం సగం పని దేవుడిది కాదు, నా తొడలది. చెయ్యగలిగిన పని చెయ్యకుండా వరం అడగడం నాకు అప్పు ఎగ్గొట్టినట్టు అనిపిస్తుంది. నా ఇల్లాలు నా షిఫ్టుల కోసం తన నిద్రంతా ఇచ్చింది. ఇప్పుడు తన నడుం కూడా అడగనా?

రియో డి జనీరోలో క్లాడియో గిల్ అరావుజో అనే డాక్టరు బృందం 2012లో ఒక పరీక్ష ఫలితాలు చెప్పింది. 51 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్న 2002 మందిని నేల మీద కూర్చుని లేవమన్నారు. పదికి మార్కులు. చెయ్యి, మోకాలు ఏది ఊనినా ఒక మార్కు కోత. తర్వాత కొన్నేళ్లు గమనిస్తే, అతి తక్కువ మార్కులు వచ్చినవాళ్లలో చావులు ఎన్నో రెట్లు ఎక్కువ. ఇది చదివి మా పిల్లలు ఆశ్చర్యపోయారు. నాకు ఆశ్చర్యం వేరే. మన పూజా విధానాలన్నీ ఈ పరీక్షే కదా! చాప మీద కూర్చోవడం, హారతికి లేవడం, ప్రదక్షిణలు, సాష్టాంగం, మళ్లీ లేవడం. నమాజులో రోజుకు అయిదు పూటలు నేలకు నుదురు ఆనించి లేవడం. వీటిని పెట్టినవాళ్లు కండ కోసం పెట్టారని నేను అనను. ప్రతి ఆచారం వెనకా సైన్స్ ఉందనే వాట్సాప్ పండితులంటే నాకు విసుగు. వంగడం కోసమే పెట్టారు. అయితే వంగడానికి బలం కావాలి. దేవుడి ముందు నేలకు పడిపోవడం ఎవరికైనా వస్తుంది, నేలకు వంగడం కాళ్లలో సత్తువ ఉన్నవాడికే.

ఇక్కడ ఆగి ఒక మనిషి సంగతి చెప్పాలి. నాతోపాటు గనిలో దిగి డ్రిల్లు పట్టిన స్నేహితుడు. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము గట్టిపడింది, సిలికోసిస్. గది ఈ మూల నుంచి ఆ మూలకు నడిస్తే ఆయాసం. అతనికి నేను గుంజీళ్ల గురించి చెప్పగలనా? తొడలు బలపడాలంటే ఊపిరి కావాలి. ఆ ఊపిరి బంగారంతో పాటు పైకి వెళ్లిపోయింది. బలం పుణ్యమైతే అతని బలహీనత పాపం కావాలి. నా వాదం అంతా ఎక్కడ విరుగుతుందో చూడాలంటే అతని మంచం దగ్గరికి పోతే చాలు. ఒంటి ఆరోగ్యం క్రమశిక్షణకు ఫలం అని చెప్పే ఉపన్యాసకులు ఒకసారి మా లైన్లలో నడిచి వెళ్లాలి. అతని భక్తి నా భక్తి కంటే తక్కువ అనే ధైర్యం నాకు లేదు. పాడేందుకు గాలి చాలక, మేము పాడుతుంటే వేలితో మంచం పట్టె మీద తాళం వేస్తాడు. తప్పదు. చెయ్యగలిగినవాడి ధర్మం ఒకటి, చెయ్యలేనివాడి ధర్మం ఒకటి. చెయ్యగలిగి కూడా చెయ్యలేనివాడి అనుమతిని వాడుకోవడమే నాకు అభ్యంతరం. ఆ మంచం మీది మనిషి తన పేరు చెప్పి నేను కుర్చీలో కూలబడటాన్ని ఒప్పుకోడు. అడిగాను కూడా. "నువ్వు లేస్తా ఉండరా, నన్ను పక్కకు తిప్పేదానికి ఎవడో ఒకడు కావల్ల" అన్నాడు.

నేను చేసేది పెద్ద తంతు ఏమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినట్టు అరవై అయిదు దాటినవాళ్లు వారానికి కనీసం రెండు రోజులు కండకు పని చెప్పాలి, మూడు రోజులు తూలకుండా నిలబడే సాధన చెయ్యాలి, నడకలాంటివి వారానికి 150 నిమిషాలకు తగ్గకూడదు. నడక నాకు స్టేషను దాకా, అక్కడి నుంచి గని వ్యర్థాలు పోసిన సైనైడ్ దిబ్బల వైపు. సూర్యుడు నెత్తికెక్కితే దిబ్బల మీంచి దుమ్ము లేస్తుంది, కాబట్టి పెందలాడే. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి దండీలు, ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకోవడం. ఇసుక సంచిలో ఇసుక నెలకింత పెంచుతాను. బరువు పెరగకపోతే కండకు కొత్తగా చెప్పే సమాచారం ఏమీ ఉండదు. తిండిలో రాగిసంగటి మానలేదు, పక్కన ఉలవచారో అనపగింజల పులుసో గుడ్డో తప్పనిసరి. ఒట్టి ముద్దతో ఒళ్లు నిలబడదు, ముసలి కండకు మాంసకృత్తులు వయసు కండకంటే ఎక్కువే కావాలి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టడం మేలు. నాకు ఊపిరి బిగబట్టొద్దని చెప్పారు, లేచేటప్పుడు గాలి వదలమన్నారు. అందుకే లేచినప్పుడల్లా అమ్మవారి పేరు పలుకుతాను. పేరు పలుకుతూ గాలి బిగబట్టడం కుదరదు.

ఇదంతా ఎన్నాళ్లు? బుద్ధుడే ఎనభయ్యో ఏట తన ఒంటిని తాళ్లతో కట్టి ఈడ్చుకొస్తున్న పాత బండి అన్నాడు. అయితే ఆ మాట అన్న మనిషి ఆ చివరి ప్రయాణాన్ని రాజగృహం నుంచి కుశీనగరం దాకా కాలినడకన చేశాడు, గంగ దాటి, ఊరూరా ఆగి, మనుషులతో మాట్లాడుతూ. బండి పాతది కాదని ఆయన అనలేదు, చక్రాలు ఊడేదాకా దిగనూ లేదు. ఆ దారి పొడవు మ్యాపులో చూపిస్తే మామ చాలాసేపు చూశాడు. "సరే, ఆయనకు నడిచే పని ఉండె. మనకేం పని?" అన్నాడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మంచం మీది స్నేహితుడిని పక్కకు తిప్పడం ఒక పని. ఆవణి కొండ ఎక్కి గుడిలో సీతమ్మను ఇంకొకసారి చూడాలని ఉంది, అది ఇంకో పని. ఇవి పోయాక ఇంకేవో వస్తాయి, లేకపోతే రావు.

ఈ మధ్య మామ వినాయకుడి ముందు గుంజీళ్లు మొదలుపెట్టాడు. వ్యాయామం కాదట, అపరాధ క్షమాపణట. సరే, ఆయన దారి ఆయనది. నేనూ పక్కన నిలబడి చెవులు పట్టుకుంటాను. సగం దాకానే వంగగలం, చేత్తో గుడి స్తంభం పట్టుకోవడం మాకు దేవుడిచ్చిన రాయితీ. చక్రం మింగి కూర్చున్న వినాయకుణ్ణి నవ్వించి కక్కించడానికి విష్ణుమూర్తి అంతటివాడు చెవులు పట్టుకుని గుంజీళ్లు తీశాడని దక్షిణాదిలో ఒక కథ ఉంది. మేమిద్దరం తీస్తుంటే వినాయకుడు నవ్వుతున్నాడో లేదో గానీ మా మనవరాలు మాత్రం ఆపుకోలేక నవ్వుతుంది. "తాతా, సామి చూసేది నిన్నా, నీ మోకాళ్లనా?" అని అడిగింది. మామ నా వైపు చూశాడు, నేను మామ వైపు చూశాను. లెక్క తప్పిపోయింది, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.